పేషెంట్ సరే, పక్కన కూర్చున్నామె తిన్నదా? దవాఖాన పరామర్శకు వెళ్లేవాళ్లకు ఒక కండక్టర్ మాట

ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి 2021లో రిటైరయ్యాను. ఇల్లు హన్మకొండ. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం దవాఖానకు వెళ్తాను. బీపీ గోలీ తప్ప నాకేం రోగం లేదు. వార్డుల్లో, వరండాల్లో పేషెంట్ వెంట వచ్చి కూర్చున్నవాళ్ల దగ్గర రెండు గంటలు ఉండి వస్తాను, అంతే. మా చర్చి సంఘంలో ఇంకో ఆరుగురు ఇదే పని మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ నోటితో చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను. ఏ దవాఖానో పేరు రాయను. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఎక్కడైనా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, వరండాలో కూర్చున్న మనిషి కష్టం ఒకటే.

ఈ సంగతి నాకు 2018లో తెలిసింది. మా ఇంటామెకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లని ఆపరేషన్ చేశారు. ఇన్‌ఫెక్షన్ అయ్యి మూడు రోజుల్లో రావాల్సింది పదకొండు రోజులు పట్టింది. సంఘం నుంచి చూడడానికి చాలామంది వచ్చారు. ఎవరినీ తప్పుపట్టను, ప్రేమతోనే వచ్చారు. ఒకరు యాపిల్స్ తెచ్చారు, ఒకరు హార్లిక్స్ తెచ్చారు. యాపిల్స్ ఎన్ని పోగయ్యాయంటే మంచం కింద బుట్ట సరిపోలేదు. ఆమెకేమో గంజి తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. వచ్చినవాళ్లు మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసి, "అన్నా ధైర్యంగా ఉండండి, దేవుడు చూసుకుంటాడు" అని వెళ్లిపోయేవాళ్లు. నేను ధైర్యంగానే ఉన్నాను. స్నానమే చెయ్యలేదు.

నాలుగో రోజు పక్క మంచం పెద్దమ్మ బిడ్డ నన్ను పిలిచింది. పరకాల నుంచి వచ్చిన ముస్లిం అక్క. "అన్నా, మీరు వచ్చినకాడినుంచి ఒకటే అంగీ మీదున్నరు. ఇంటికి పోయి స్నానం చేసి, గంట సేపు పండుకొని రండి. వదినను నేను చూసుకుంట, సెలైన్ అయిపోంగనే సిస్టర్‌ను పిలుస్త" అంది. నేను తటపటాయిస్తుంటే నా చేతిలోంచి మందుల చీటీ తీసుకుని తన కొంగుకు ముడేసుకుంది. ఇంటికొచ్చి నెత్తిమీద నీళ్లు పోసుకుంటుంటే ఏడుపొచ్చింది. "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" అన్న బైబిల్ మాట చిన్నప్పటినుంచి వింటున్నాను. చూడడం అంటే ఇది కూడా అని ఆ అక్క చెప్పేదాకా తెలియదు. ఆమె ఆ వాక్యం ఎప్పుడూ విని ఉండదు.

అందుకే నేను కొత్తగా వచ్చేవాళ్లకు మొదట చెప్పేది ఇదే: మీరు వెళ్లేది పేషెంట్‌ను చూడడానికి కాదు. పేషెంట్‌ను చూడడానికి డాక్టరు ఉన్నాడు, సిస్టర్లు ఉన్నారు. పక్కన ఉన్నామె ఒక గంట అక్కడినుంచి లేచి వెళ్లగలిగేలా చెయ్యడం మీ పని. దీనిచుట్టూనే మిగతాదంతా.

ఎప్పుడు వెళ్లాలి

సాయంత్రం చూపుల టైంలో వెళ్లకండి. అప్పుడు చుట్టాలంతా వస్తారు, మీరు పోతే ఇంకో తలకాయ ఎక్కువ. పొద్దుగాల రౌండ్స్ టైంలో కూడా వద్దు. డాక్టరు వచ్చినప్పుడు ఇంటిమనిషి అక్కడే ఉండాలి. ఆయన ఏం చెప్తాడో వినడానికి రాత్రంతా ఎదురుచూసి ఉంటారు. రౌండ్స్ అయిపోయాక, పదకొండు నుంచి ఒంటి గంట దాకా మంచి సమయం. ఆ రెండు గంటల్లో ఆమె స్నానం చేయొచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు, బయటికెళ్లి ఒక చాయ్ తాగి రావచ్చు. మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్తే పడుకోనివ్వండి. పేషెంట్లకంటే వెంట ఉన్నవాళ్లకే నిద్ర కరువు.

ఒక్కరే వెళ్లకండి, ఇద్దరు చాలు. ఆడవాళ్ల వార్డు అయితే ఆడమనిషి తప్పనిసరి. నాతో మా ఇంటామె వస్తుంది, ఆమెకు కుదరనప్పుడు స్త్రీల సమాజం నుంచి ఒక చెల్లె వస్తుంది. ఐదుగురు, పదిమంది గుంపుగా పోతే సెక్యూరిటీ అబ్బాయి ఆపుతాడు, ఆపడం న్యాయమే. లోపలికి వెళ్లడానికి వార్డు సిస్టర్‌ను అడగండి. మీకు జలుబో దగ్గో ఉంటే ఆ వారం మానెయ్యండి. ఐసీయూ, పసిపిల్లల వార్డు దగ్గరైతే లోపలి ఆలోచనే వద్దు, బయట బెంచీలే మన జాగా.

డయాలసిస్ దగ్గర కూర్చునేవాళ్లను మర్చిపోకండి. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది, వారానికి రెండు మూడు సార్లు రావాలి. ఏళ్ల తరబడి ఇదే. మొదటి నెల చుట్టాలు వస్తారు, ఫోన్లు చేస్తారు. ఆరో నెలకు ఎవరూ ఉండరు. నాకు తెలిసిన ఒకాయన భార్యను తీసుకొచ్చి బయట నాలుగు గంటలు గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఆయనతో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దేవుని గురించి మాట్లాడలేదు. కైలాసం ఆట ఆడతాం, పాత పద్ధతిలో, పెంకుముక్కలతో.

సంచిలో ఏముండాలి

యాపిల్స్ వద్దు. నా గుడ్డసంచిలో ఉండేవి చెప్తాను. మూడు రకాల పిన్నులున్న చార్జర్ వైరు. అన్నిటికంటే ముందు అడిగేది అదే, ఎందుకంటే ఊళ్లోంచి హడావుడిగా వచ్చినవాళ్లు చార్జర్ తెచ్చుకోరు, ఫోను ఆగిపోతే ఇంటికి కబురు ఉండదు. ఒక ప్లాస్టిక్ చాప, మడతపెట్టేది. ఫ్లాస్కులో వేడినీళ్లు. బట్టల సబ్బు, ఒంటి సబ్బు. పెన్ను, తెల్లకాగితాలు. పది రూపాయల చిల్లర, ఇరవయ్యవి కొన్ని. ఇది నా పాత అలవాటే అనుకోండి, కానీ బాత్రూం దగ్గర, జిరాక్స్ దగ్గర ఐదొందల నోటు పట్టుకుని నిలబడే మనిషి మొహం నేను జీవితమంతా చూశాను. ఇంకొకటి నా బుర్రకు తట్టనిది, మా ఇంటామె పెట్టింది: శానిటరీ ప్యాడ్లు, పాత పేపర్లో చుట్టి. ఇరవై ఏళ్ల పిల్ల తండ్రిని తీసుకొచ్చి వారం రోజులు వార్డులో ఉంటే ఎవరిని అడుగుతుంది? మా ఇంటామె పక్కన కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుతూ ఆ పొట్లం ఆమె సంచిలో పెట్టేస్తుంది. నాకు కనబడదు, కనబడొద్దు కూడా.

తిండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదట్లో మేము అన్నం, పప్పు, కూర డబ్బాల్లో కట్టుకుని వెళ్లేవాళ్లం. మంచి ఉద్దేశమే. కానీ అక్కడ ప్లేటు లేదు, చెయ్యి కడుక్కునే చోటుకు లైను, డబ్బా కడిగి మళ్లీ మాకివ్వాలని వాళ్లకో బాధ. సగం మంది "తర్వాత తింటం" అని పక్కన పెట్టేవాళ్లు, ఎండాకాలం అది పాడైపోయేది. ఇప్పుడు సర్వపిండి చేస్తుంది మా ఇంటామె. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపి గిన్నెకు అద్ది కాలుస్తారు కదా, మన వరంగల్‌లో తెలియనివాళ్లు లేరు. ముక్కలు చేసి కాగితంలో చుట్టి ఇస్తే నిలబడి తినొచ్చు, మిగిల్తే రాత్రికి తినొచ్చు, కడగాల్సింది ఏమీ ఉండదు. ఇంటి తిండి తిన్నట్టుంటుంది. ఇది వెంట ఉన్నవాళ్లకే. పేషెంట్ నోట్లోకి మీ చేతినుంచి నీళ్లచుక్క కూడా పోవద్దు, సిస్టర్‌ను అడగకుండా.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం నేను చేసిన తప్పు. మొదటి ఏడాది, ఎండాకాలం. ఒకాయనకు నోరెండిపోతుంటే పాపమనిపించి కిందికెళ్లి కొబ్బరిబొండం కొట్టించుకొచ్చాను. గ్లాసులో పోసి ఆయనకిస్తుంటే సిస్టర్ చూసి పరుగెత్తుకొచ్చింది. "మీరెవరండీ? ఆయన కిడ్నీ పేషెంట్!" కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకు కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం బయటికిపోదు, రక్తంలో పెరిగితే గుండె ఆగే ప్రమాదం ఉంటుందని ఆమె చెప్తే తెలిసింది. అరటిపండు కూడా అంతే. ఆపరేషన్‌కు పోయేవాళ్లకు కడుపు ఖాళీగా ఉండాలి, మీరు ప్రేమతో ఇచ్చిన ఇడ్లీ వల్ల ఆపరేషన్ మరుసటి రోజుకు పోతుంది. ఆ సిస్టర్ ఇప్పుడు నన్ను చూస్తే నవ్వుతుంది, "బొండం అంకుల్" అంటుంది. పేరు పోలేదు.

మాట ఎలా కలపాలి

చాలామందికి ఇక్కడే టెన్షన్. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గరికెళ్లి ఏమని మొదలుపెట్టాలి? "ఏమైంది?" అని అడగొద్దు. ఆ మాటకు వాళ్లు అప్పటికే ఇరవైసార్లు జవాబు చెప్పి ఉంటారు, చెప్పిన ప్రతిసారీ మళ్లీ గాయం కెలికినట్టే. నా వరకు నేను ఒకటే అడుగుతాను: "ఏ బస్సుకొచ్చినరు?"

పోయిన వానాకాలం ఒక అవ్వ వరండాలో మెట్టు మీద కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ల మనవడికి జ్వరం తగ్గక, రక్తకణాలు పడిపోయి లోపల పడుకోబెట్టారు. పిల్లగాడి తల్లి లోపలుంది, అవ్వ బయట. ఎవరు పలకరించినా తల తిప్పుకుంటోంది. నేను ఒక మెట్టు కింద కూర్చున్నాను. పైన నిలబడి మాట్లాడితే తనిఖీకి వచ్చినట్టుంటుంది.

"ఏ బస్సుకొచ్చినవవ్వా?"

"తాడ్వాయి కాడ ఎక్కినం."

ఇక నాకు తెలియని దారి కాదు. "తాడ్వాయి, పస్రా, గోవిందరావుపేట, చల్వాయి, జంగాలపల్లి, ములుగు, మల్లంపల్లి, ఆత్మకూరు, హన్మకొండ" అని బస్సులో అరిచినట్టే మెల్లగా చదివాను. అవ్వ నావైపు తిరిగింది. "నువ్వు కండట్రువా?" అంది. "ఔనవ్వా. మేడారం జాతర డ్యూటీలు ఎన్ని చేసిన్నో." ఆమె మొహంలో మొదటిసారి కొంచెం వెలుతురొచ్చింది. "అయితే నిన్ను నేను చూసే ఉంట" అంది. చూసే ఉంటుంది కూడా, ఆ రూట్లో నేను టికెట్ కొట్టని ఊరు లేదు. ఇప్పుడైతే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, 2023 డిసెంబర్ 9 నుంచి జీరో టికెట్టే. నేను రిటైరయ్యాక వచ్చింది, ఆ టికెట్ కొట్టే భాగ్యం నాకు దక్కలేదు.

"నీకేమన్న కావాల్నా అవ్వా?" అని అడిగాను. యేసు ప్రభువు కూడా గుడ్డి బర్తిమయిని "నేను నీకేమి చేయగోరుచున్నావు" అనే అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఎవరికి తెలియదు? అయినా అడిగాడు. నేనైతే ఆమెకు అన్నమో, డబ్బులో, చాపో కావాలనుకున్నాను. అవ్వ రవికెలోంచి మడిచిన కాగితం తీసింది. దానిమీద పక్కింటి వాళ్ల నంబరు. ఆమె ఫోను రెండు రోజుల కిందే ఆగిపోయింది. "ఫోన్ చేసి అడుగు కొడుకా, నా కోళ్లను రాత్రి గంప కింద కమ్మిండ్రో లేదో."

ఫోన్ కలిపాను. కమ్మారట. ఒక కోడి గుడ్లమీద కూర్చుందట. అవ్వ ఆ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత లేచి, కొంగు దులుపుకుని, "జర కూసో, మొఖం కడుక్కొస్త" అని వెళ్లింది. ఆ మెట్టు మీద ఆమె మూట నా పక్కన పెట్టి పోయింది. రెండు రోజుల్లో ఆమె అక్కడినుంచి కదలడం అదే మొదటిసారని పక్కనున్నవాళ్లు చెప్పారు. మూట ఎవరన్నా ఎత్తుకుపోతారని భయం.

మీరు కండక్టర్ కాకపోతే మీకున్నదాంతో మొదలుపెట్టండి. మాలో ఒకతను రైతు, "మీకాడ వానలెట్లున్నయ్?" అంటాడు. టీచరమ్మ ఒకామె పిల్లలతో మొదలుపెడుతుంది. ఎట్లా మొదలుపెట్టినా అవతలివాళ్లు మాట్లాడకపోతే పక్కన ఊరికే కూర్చోండి. నాకు బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు, ఆయన స్నేహితులు గుర్తొస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆ స్నేహితులు ఆయన పక్కన నేలమీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు వాళ్లంత మంచివాళ్లు లేరు. నోళ్లు తెరిచాకే వచ్చింది తంటా.

చెయ్యగలిగిన పనులు

మందుల చీటీ పట్టుకుని లైనులో నిలబడడం. రిపోర్టు తేవడం. జిరాక్సులు తీయించడం. ఇవి చిన్న పనులే, కానీ ఒక్కటే మనిషి వెంట ఉన్నప్పుడు ఇవే ప్రాణం తీస్తాయి. పేషెంట్‌ను వదిలి పోలేరు, పోకపోతే మందు రాదు. లైనులో మీరు నిలబడండి, లేదా మీరు పేషెంట్ దగ్గర కూర్చోండి. ఏది కావాలో వాళ్లే చెప్తారు. ఎక్కువమంది లైనులో వాళ్లే నిలబడతామంటారు, డబ్బుల విషయం కదా. మనసులో పెట్టుకోకండి.

ఆరోగ్యశ్రీ గురించి తెలుసుకుని ఉండండి. 2007లో మొదలైన పథకం, తెలంగాణలో ఇప్పుడు 10 లక్షల దాకా ఉంది. ఆ దవాఖాన పథకంలో ఉంటే లోపల ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు నాలుగేసి తీయించి పెట్టుకోమనండి. "ఇది ఆరోగ్యశ్రీలో వస్తది" అని మాత్రం మీ నోటితో చెప్పకండి. వస్తుందో రాదో చెప్పాల్సింది ఆ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు. మీరు కౌంటర్ దాకా తీసుకెళ్లండి, చాలు. చదువురానివాళ్లకు కాగితం మీద ఏముందో చదివి వినిపించండి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించే ముందు దేనికి పెడుతున్నారో చెప్పండి.

రక్తం సంగతి. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం పరుగులు చూస్తూనే ఉంటాం. అవి ఐదు రోజులకంటే ఎక్కువ నిలవుండవు, అందుకే ఎప్పుడూ కొరతే. మా సంఘంలో ఒక నోట్‌బుక్ పెట్టాం: పేరు, గ్రూపు, చివరిసారి ఎప్పుడిచ్చారు. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి ఇవ్వొచ్చు. నాకు అరవై నాలుగు, ఇంకో ఏడాది మాత్రమే చాన్సుంది. రక్తం ఇచ్చేటప్పుడు ఎవరికిస్తున్నామని అడగకండి. ఒకసారి మా యూత్ అబ్బాయొకడు "విశ్వాసులేనా అంకుల్?" అని అడిగాడు. వాణ్ణి నేను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

డబ్బులు

చేతికివ్వకండి. నేను రెండుసార్లు ఇచ్చి రెండుసార్లూ ఇబ్బంది పడ్డాను, తీసుకున్నవాళ్లు నా మొహం చూడలేక తప్పుకుని తిరిగారు. యేసు చెప్పిన కథలో, దారిలో గాయపడ్డవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడు కూడా డబ్బులు వాడి చేతిలో పెట్టలేదు. రెండు దేనారాలు పూటకూళ్లవాడికిచ్చాడు. దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలీ. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తన పని మానుకుని అక్కడే కూర్చోలేదు, తెల్లారి తన దారిన వెళ్లాడు. నాకు ఈ లెక్క బాగా నచ్చుతుంది. మేము కూడా మందుల షాపులో కట్టేస్తాం, టిఫిన్ బండివాడికి చెప్పి పెడతాం. నెలకింత అని పెట్టుకున్నాం, అది దాటితే ఆ నెల లేదు. మొహమాటానికి ఒప్పుకుంటే ఆర్నెల్లలో మీరే మానేస్తారు.

ప్రార్థన

అడిగి చెయ్యండి. "ప్రార్థన చెయ్యమంటారా?" అని ఒక్కసారి అడగండి. వద్దంటే వద్దు, మళ్లీ అడగకండి, మొహం మాడ్చుకోకండి, అదే కూర్చోవడం కూర్చోండి. సరేనంటే పేషెంట్ పేరు అడిగి, చిన్న గొంతుతో, ఒక్క నిమిషం. మనవాళ్లలో కొందరి ప్రార్థన ఎక్స్‌ప్రెస్ బస్సు, మధ్యలో స్టేజీలుండవు. పక్క మంచం మీద ఉన్నాయనకు గుండె నొప్పి, ఆయన నిద్రపోతున్నాడు. మీ "హల్లెలూయా"కు ఆయన లేవొద్దు. నూనె, కరపత్రాలు, మైకు ఇంట్లో పెట్టి రండి.

"స్వస్థత వచ్చేసింది" అని చెప్పకండి. మీ విశ్వాసం ఎంత గొప్పదైనా రిపోర్టు మీ చేతిలో లేదు. "మందులు ఆపెయ్యి" అనే మాట ఎవరి నోట వచ్చినా ఆ మనిషిని మళ్లీ వెంట తీసుకెళ్లకండి. "ఇదంతా దేవుని చిత్తం" అని పిల్లను పోగొట్టుకున్న తల్లికి చెప్పొద్దు. అది నిజమా కాదా అని మనం ఆరాధనలో మాట్లాడుకుందాం, మార్చురీ దగ్గర కాదు. అక్కడ చేసే పని వేరే ఉంటుంది. కాగితాలు చూడాలి, ఊరికి ఫోన్ చెయ్యాలి, సర్కారు దవాఖాన అయితే శవాన్ని ఊరికి చేర్చే పరమపద వాహనం ఉందా అని అడగాలి, తల్లికి నీళ్లు తాగించాలి.

ఆ తాడ్వాయి అవ్వ సంగతి ఇంకొంచెం ఉంది. శుక్రవారం మళ్లీ వెళ్లేసరికి పిల్లగాడికి కణాలు పెరుగుతున్నాయన్నారు. అవ్వ మూట విప్పి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "తల్లుల బంగారం, తిను కొడుకా" అంది. మేడారంలో సమ్మక్క సారలమ్మ తల్లులకు పెట్టే బెల్లం, దాన్నే బంగారమంటారు. నాతో వచ్చిన చెల్లె నావైపు చూస్తోంది, ఏం చేస్తాడా అని. విగ్రహాలకు పెట్టింది తినడం గురించి బైబిల్లో పౌలు కొరింథీ సంఘానికి రాసింది మాకిద్దరికీ తెలుసు. మా సంఘంలోనే దీనిమీద తినొచ్చని, తినొద్దని రెండు మాటలున్నాయి. నేను రెండు చేతులతో తీసుకున్నాను, అంగీ జేబులో పెట్టుకుని "మీ ప్రేమ చాలవ్వా" అన్నాను. ఆమె బాధపడలేదు, నేను తినలేదని గమనించిందో లేదో తెలియదు. జేబులో ఆ బెల్లం ఇంటిదాకా వచ్చింది. చీమలు పట్టేవరకు దాన్ని ఏం చెయ్యాలో తేలలేదు. మీరైతే ఏం చేస్తారో మీరే చూసుకోండి. కానీ చెయ్యి వెనక్కి మాత్రం తీసుకోకండి.

ఇంకో మాట. మన మీటింగుల్లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన గురించి చెప్తుంటారు. 1915లో మొదలైంది, స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ అక్కడ రోగులకు సేవ చేసింది, నిజమే, గొప్ప మనిషి. కానీ దానికి ముందుకొచ్చి సాయం చేసిన నర్సాగౌడ్ పేరు చాలామంది చెప్పరు. ఆయన హిందువు. ఆ పేరు వదిలేసి చెప్తే కథ సగమే. నాకైతే పరకాల అక్క లేకుండా నా సాక్ష్యమే లేదు.

ఫొటోలు

తియ్యకండి. దీనికి వివరణ అక్కర్లేదు కానీ డిసెంబర్ చూసి రాస్తున్నాను. క్రిస్మస్ ముందు వారం దవాఖాన ముందు బ్యానర్లు, బ్రెడ్ ప్యాకెట్లు, అరటిపండ్లు. ఒక పేషెంట్ దగ్గర ఒక్కరోజే ఆరు బ్రెడ్లు చూశాను, ఆయనకు షుగర్. జనవరి మొదటి మంగళవారం వెళ్తే మేమిద్దరమే. కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియొద్దన్నాడు ప్రభువు. ఇప్పుడు ఎడమ చేతిలోనే ఫోన్ ఉంటోంది, ఇక తెలియక ఏం చేస్తుంది? మీ సంఘానికి పంచాలనే ఉంటే ఆ బ్రెడ్ డబ్బులతో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలకు చాపలు, సబ్బులు కొనండి.

చెప్పిన రోజు రాకపోతే ఫోన్ చేసి చెప్పండి. నేను ఒకసారి "ఆదివారం ఆరాధన కాగానే వస్త" అని ఒకతనికి చెప్పి, చుట్టాలొస్తే ఇంట్లో ఉండిపోయాను. అతను నేనొస్తానని ఇంటికెళ్లే బస్సు వదులుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడట. సోమవారం వాళ్ల నాన్న మంచం ఖాళీగా ఉంది, డిశ్చార్జ్ అయ్యారన్నారు. ఆ అబ్బాయి నంబరు నా దగ్గర లేదు.

డిశ్చార్జ్ రోజు

ఈ రోజు చాలామంది వెళ్లరు, పని అయిపోయిందనుకుంటారు. నన్నడిగితే తప్పకుండా వెళ్లాల్సిన రోజు ఇదే. మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చీటీ మీద డాక్టరు రాతను సిస్టర్‌తో చదివించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని పెద్ద అక్షరాలతో వేరే కాగితం మీద రాసివ్వండి. చదువురాకపోతే సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీయండి. మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ కాగితం మీద కాదు, వాళ్ల ఊరి సంతతోనో పండుగతోనో కలిపి చెప్పండి, గుర్తుంటుంది.

తర్వాత బస్టాండ్. ఆటోలో వెనక సీటు నడిమధ్యలో కూర్చోబెట్టండి. బస్సులో వెనక చక్రాల మీది సీటు, దాని వెనకాల సీట్లు అసలొద్దు, గుంత వచ్చిన ప్రతిసారీ కుట్లు పట్టి లాగుతాయి. ముందు నుంచి మూడు నాలుగు వరసల్లో, రెండు చక్రాల మధ్య కూర్చోబెట్టండి. కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు దిండో, మడిచిన దుప్పటో పొట్టకు ఆనించి పట్టుకోమనండి. కండక్టర్‌తో ఒక మాట చెప్పండి: "అన్నా, పేషెంట్ ఉన్నడు, వీళ్లు దిగే స్టేజీ కాడ జర నిదానంగ ఆపు." నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఆ మాట చెప్పినవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెప్తే ఏ కండక్టరూ కాదనడు. బస్సు కదిలేదాకా కిందనే నిలబడండి, వాళ్లు కిటికీలోంచి చూస్తారు.